యంత్రమునకు గల గంటల లెక్క చేతికి లేదా?

సహకార సంఘము అద్దెకిచ్చు పవర్ టిల్లరునకు ఒక పుస్తకముండును. ఏ తేదీని ఏ రైతు చేనిలో ఎన్ని గంటలు నడిచినది, ఎంత డీజిలు పట్టినది, ఇంజను నూనె ఎప్పుడు మార్చవలయును అను వివరములన్నియు అందు వ్రాయుదురు. ఇది మెచ్చదగిన పద్ధతి. లెక్క తప్పిన ఇంజను చెడునని మనకందఱకును తెలియును. అయితే ఆ యంత్రపు పిడులను పట్టుకొని దమ్ము చేసిన మనుష్యుని చేతులు ఆ దినమున ఎన్ని గంటలు అదరినవో తెలుపు గడి ఆ పుస్తకమున లేదు. ఇంజనులో అరిగిన భాగమునకు మారుభాగము బజారున దొరకును. వ్రేళ్ల నరములకు మారు దొరకదు. కావున యంత్రపు లెక్క ప్రక్కనే చేతి లెక్కయు వ్రాయవలయుననియు, యంత్రమును కొనునపుడే దాని పిడి అదురు ఎంతయో అడుగవలయుననియు సభ్యులకు నా మనవి.

నాగలి మేడి పట్టిన చేతికి కాయలు కాచుట మనమెఱిగినదే. అది పైచర్మపు సంగతి. యంత్రపు అదురు చేయు హాని చర్మమునకు లోపల జరుగును. పిడి అదురు అరచేతి గుండ వ్రేళ్లలోనికిని, మణికట్టునకును, మోచేతి వఱకును ప్రాకును. ఏండ్ల తరబడి ఇట్లు జరిగినచో మూడు విధముల కీడు కలుగవచ్చును. మొదటిది, చలి తగిలినపుడు వ్రేళ్లలోని సన్నని రక్తనాళములు బిగిసికొనిపోయి, వ్రేళ్ల కొనలు సున్నము పూసినట్లు తెల్లబారుట. రెండవది, స్పర్శనెఱుగు నరముల కొనలు దెబ్బతిని తిమ్మిరి, సూదులు గ్రుచ్చినట్లుండుట, మొద్దుబారుట. మూడవది, కండరములును కీళ్లును బలము తగ్గి చేతిపట్టు సడలుట. 1986 లో స్టాక్‌హోము నగరమున కూడిన నిపుణులు రక్తనాళముల బాధకొక కొలతయు, నరముల బాధకు వేఱొక కొలతయు నేర్పఱచిరి. ఏలయన, ఒకటి లేకయే రెండవది రావచ్చును.

ఈ బాధ మొదట చిన్నదిగానే కనబడును. పగలెల్ల టిల్లరు నడిపినవాడు రాత్రి అన్నము కలుపునపుడు వ్రేళ్లు జివ్వుమనుచున్నవనును. తెల్లవారుసరికి అది పోవును గనుక ఎవరును లెక్కచేయరు. కొన్ని యేండ్లకు చొక్కా బొత్తాము పెట్టుకొనుట, పలుపు ముడి విప్పుట, జేబులోని రూపాయి బిళ్లను చూడక గుర్తించుట కష్టమగును. మొదటి దశలోనే ఆ పని తగ్గించినచో బాధ కొంత తగ్గవచ్చును. నరములు మిక్కిలి చెడిన పిదప మాత్రము అవి తిరిగి మునుపటివలె కావు.

ఇది క్రొత్తగా కనుగొన్న వ్యాధి కాదు. చలికి వ్రేళ్లు తెల్లబారుటను ఫ్రాన్సు దేశపు వైద్యుడగు మోరిస్ రేనో 1862 లో వర్ణించెను. గాలియొత్తిడితో నడచు సుత్తులు వాడు పనివారియందు ఇట్టి బాధ గలదని ఇటలీ వైద్యుడు లోరిగా 1911 లో వ్రాసెను. 1918 లో అమెరికాలో ఆలిస్ హామిల్టను అను వైద్యురాలు ఇండియానా రాష్ట్రపు బెడ్‌ఫర్డు సున్నపురాతి గనులకు శీతకాలమున పోయి, రాయి చెక్కువారి చేతులను పరీక్షించెను. వారిలో అధికసంఖ్యాకులకు వ్రేళ్లు తెల్లబారుచుండెను. మఱి 60 ఏండ్ల తరువాత, 1978 లో వైద్యులును ఇంజనీర్లును అదే బెడ్‌ఫర్డునకు పోయి మరల పరీక్షింపగా, బాధ ఇంచుమించు అదే ప్రమాణమున నుండెను. కారణము స్పష్టము. సంగతి తెలిసియు సుత్తులను మార్చలేదు.

దీనికి ప్రతిగా ఫిన్లండు దేశపు సూఓముస్సల్మి ప్రాంతమును చూడుడు. అచ్చట అడవులలో మోటారు రంపములతో చెట్లు కోయువారిలో 1972 లో నూటికి 40 మందికి ఈ బాధ యుండెను. రంపపు పిడికిని ఇంజనుకును నడుమ అదురును మ్రింగు ఏర్పాట్లు చేసి, రంపములను తేలికపఱచిరి. 1990 నాటికి ఆ సంఖ్య నూటికి 5 కు దిగెను. అడవియు అదియే, చలియు అదియే. మారినది పనిముట్టు. ఈ రెండు ఊళ్ల కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి, పనివానిని జాగ్రత్తపడుమని చెప్పుట కంటె మంచి పిడిని అతని చేతికిచ్చుట మేలని తోపకపోదు.

ఇది శీతలదేశపు రోగము, మన యెండలలో రాదు అని కొందఱందురు. ఇందు సగము మాత్రమే నిజము. వ్రేళ్లు తెల్లబారుట చలివలన బయటపడునదగుటచే ఉష్ణదేశములందు అది అరుదు. మలేషియా దేశపు కట్టడపు పనివారిని పరీక్షించి 2011 లో ప్రకటించిన వ్రాతలో తెల్లని వ్రేళ్లు కానరాలేదు; కాని తిమ్మిరియు, మొద్దుబారుటయు కనబడెను. అనగా వేడిదేశమున నరముల బాధ కలుగును గాని, దానిని చాటునట్టి తెల్లని గుర్తు కలుగదు. గుర్తు లేని దొంగ మఱింత ప్రమాదకరుడు గదా.

ఇక కొలత సంగతి. ఒకే సిలిండరు గల ఇంజను నిమిషమునకు 1800 చుట్లు తిరిగినచో సెకనుకు 30 మారులు పిడిని కుదుపును. ఈ కుదుపు ఎంత బలమైనదో తెలియుటకు చేయి పట్టుకొను చోటనే పిడికి త్వరణమును కొలుచు చిన్న పరికరమును బిగింతురు. అది నిలువు, అడ్డము, ముందు వెనుకలు అను మూడు దిక్కుల అదురును కొలుచును. చేతికి హెచ్చు హాని చేయు నెమ్మది కుదుపులకు ఎక్కువ విలువయు, మిక్కిలి వేగముగల వానికి తక్కువ విలువయు నిచ్చి, మూడు దిక్కుల ఫలితమును ఒక్క అంకెగా కూర్తురు. ఈ పద్ధతి అంతర్జాతీయ ప్రమాణ సంస్థ 2001 లో ప్రకటించిన 5349 సంఖ్య గల ప్రమాణమున నున్నది. ఆ అంకెను సెకను వర్గమునకు ఇన్ని మీటర్లని చెప్పుదురు. మనము దానిని అదురు అంకె యని పిలుతము.

అంకె యొక్కటి చాలదు. ఎంతసేపు పట్టుకొన్నది కూడ తెలియవలయును. యూరపు దేశములు 2002 లో చేసిన శాసనము ప్రకారము, 8 గంటల దినమునకు సరిచూచిన అదురు 2.5 దాటినచో యజమాని తగ్గించు యత్నము చేయవలయును, 5 దాటనీయరాదు. బ్రిటను దేశపు అధికారులు దీనిని కూలివాడును చేయగల గుణకారముగా మార్చిరి. అదురు అంకెను దానితోనే గుణించి, వచ్చిన దానిని రెట్టించి, పనిచేసిన గంటలతో గుణింపుడు. వచ్చిన పాయింట్లు 100 అయినచో హెచ్చరిక గీత, 400 అయినచో దాటరాని గీత.

ఉదాహరణమునకు, ఒక టిల్లరు పిడి అంకె 7 అనుకొందము. 7 ను 7 తో గుణింప 49, రెట్టింప 98. అనగా ఒక్క గంటలోనే హెచ్చరిక గీతకు చేరువగును. 4 గంటలకు 392. దాటరాని గీత ఎదుటనే యున్నది. 8 గంటలు నడిపినచో 784. పని సగము చేసి 4 గంటలకే దించినచో పాయింట్లు సగమగును. అట్లుకాక 3.5 అంకెగల యంత్రము నిచ్చినచో 8 గంటలకును 196 మాత్రమే. అనగా నాలుగవ వంతు. గంటలు తగ్గించుట కంటె అదురు తగ్గించుట ఎంత లాభమో ఈ చిన్న లెక్కయే చెప్పుచున్నది. ఒకే దినమున బ్రష్ కట్టరును, టిల్లరును రెండును పట్టినవానికి రెంటి పాయింట్లను కలుపవలయును.

పై ప్రమాణముననే యొక అంచనాయు గలదు. ప్రతిదినము పనిచేయువారిలో 8 గంటల అదురు 3.7 అయినచో సుమారు 8 ఏండ్లకును, 7 అయినచో సుమారు 4 ఏండ్లకును నూటికి పదిమందికి వ్రేళ్లు తెల్లబారవచ్చునట. మన దమ్ము పని ఏడాది పొడుగున నుండదు గనుక ఈ అంచనాను ఉన్నదున్నట్లు మనకు అన్వయింపరాదు. అయినను, అంకె రెట్టింపైన కొలది గడువు సగమగుచున్నదను పాఠము మనకును చెల్లును.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తును. సొంత పొలమున సొంత యంత్రము నడుపుకొను రైతు దినమునకు రెండు మూడు గంటలతో పని ముగించును. అద్దె యంత్రపు డ్రైవరు సంగతి వేఱు. నీరు వదలిన దినములలో అతడు ఉదయము ఒకరి మడిలోను, మధ్యాహ్నము వేఱొకరి మడిలోను, దీపాల వేళకు మఱియొకరి మడిలోను ఉండును. ఒక్కొక్క రైతు తన వంతున గంటయో రెండు గంటలో పని చేయించుకొనును. ఎవరి తప్పును లేదు. కాని డ్రైవరు చేతులలో ఆ గంటలన్నియు కూడి పది యగును. ఫాక్టరీలో యజమాని యొక్కడు. ఇచ్చట యజమానులు పదిమంది, మొత్తము దినమునకు బాధ్యుడు ఒక్కడును లేడు. ఆ పదిమంది గంటలు ఒక్కచోట కూడి కనబడునది సంఘపు అద్దె పుస్తకమున మాత్రమే. అందుచే ఈ భారము సంఘముదే యని నా నిశ్చితాభిప్రాయము.

సంఘము చేయదగినవి నాలుగు. ఒకటి, కొనుగోలు తీర్మానమునకు ముందు అమ్మువానిని అదురు అంకె వ్రాతమూలముగ అడుగవలయును. యూరపులో అమ్ము చేతియంత్రములకు, అదురు 2.5 దాటినచో అంకెను వాడుక పుస్తకములో చూపుట విధి. కావున అచ్చటికి ఎగుమతియగు రకములకు అంకె యుండియే తీరును. పుస్తకపు అంకె కంటె పొలమున అదురు హెచ్చుగా నుండవచ్చునని మఱువరాదు. అంకె లేదన్నచో బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగు కళాశాలను గాని, అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వపు యంత్ర పరీక్షా సంస్థను గాని సలహా యడుగవచ్చును. రెండు, అద్దె పుస్తకమున డ్రైవరు పేరును, అతడు పిడి పట్టిన గంటలను వ్రాయవలయును. మూడు, దమ్ము దినములలో ఒక్కొక్క యంత్రమునకు ఇద్దఱు డ్రైవర్లు వంతులవారిగా నుండవలయును. నాలుగు, అరిగిన రబ్బరు దిమ్మెలు, వదులైన బోల్టులు, మొద్దుబారిన పళ్లు, ఒంటిప్రక్క అరిగిన కట్టరు బ్లేడు వీనిని పని ప్రారంభమునకు ముందే మార్చవలయును. చెడిన యంత్రము హెచ్చుగా అదరును.

ఇద్దఱు డ్రైవర్లన్నచో కూలి యెవరిచ్చెదరని ప్రశ్న వచ్చును. ఎకరమునకింత యని కూలి గట్టినంత కాలము డ్రైవరు తానుగా పిడి విడువడు. విడిచిన ఆతని యింట ఆ పూట గడవదు. కావున గంటలు తగ్గింపుమని చెప్పి కూలి నష్టమును అతనిపై వేయుట న్యాయము కాదు. అద్దెపై స్వల్పముగ పెంచి ఆ మొత్తమును రెండవ డ్రైవరు నిమిత్తము ప్రత్యేకింపవలయును. యంత్రపు తఱుగుదలకు మనము నిధి యుంచుచున్నాము గదా. మనిషి తఱుగుదలకు ఉంచుట అధికము కాదు.

డ్రైవర్లకును రెండు మాటలు. పిడిని అదుపునకు చాలినంత పట్టుకొనుడు. బిగించిన కొలది అదురు హెచ్చుగా ప్రాకును. చుట్టయు బీడీయు రక్తనాళములను ముడుచును గనుక మానుడు. చేతితొడుగులు చేతిని వెచ్చగా నుంచునేగాని, టిల్లరు వంటి నెమ్మది కుదుపులను అంతగా ఆపవు. వానిని నమ్మి గంటలు పెంచకుడు. తిమ్మిరి విడువక యున్నచో వైద్యునికి చూపుడు. మధుమేహము, కుష్ఠు, మెడనరముల ఒత్తిడి వీనివలనను తిమ్మిరి కలుగును గనుక, తాము పట్టు యంత్రమేదో, ఎన్ని యేండ్లనుండి పట్టుచున్నారో వైద్యునికి తప్పక చెప్పుడు.

రాబోవు సర్వసభ్య సమావేశమున యంత్రముల కొనుగోలు చర్చకు వచ్చినపుడు అశ్వశక్తి యెంత, డీజిలు ఎంత, సబ్సిడీ యెంత అని అడుగువారు పలువురుందురు. పిడి అదురు ఎంత యని అడుగు సభ్యుడు ఒక్కడైన లేచి నిలుచునని ఆశించుచున్నాను. ఆ పుస్తకమున క్రొత్త గడి గీయుటకు స్కేలును, పెన్సిలును చాలును.