క్లచ్ లేని లారీ, గేరు అడగని లైసెన్సు

చెల్పూర్‌లోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. దానికి కావలసిన బొగ్గు భూపాలపల్లి సింగరేణి గనుల నుంచి, తాడిచర్ల గని నుంచి రోడ్డు మీదే టిప్పర్లలో వస్తుంది. ఆ టిప్పర్ నడిపే డ్రైవర్ లైసెన్సు మీద ‘ట్రాన్స్‌పోర్ట్’ అని ఉంటుంది. అతను టెస్టు ఇచ్చింది క్లచ్ ఉన్న బండి మీదో లేని బండి మీదో అందులో ఎక్కడా ఉండదు. మన లారీలు దాదాపు అన్నీ క్లచ్ లారీలే కాబట్టి ఇన్నాళ్లూ ఆ ప్రశ్న రాలేదు.

ఇప్పుడు రాక తప్పదు. టాటా, భారత్‌బెంజ్ వంటి కంపెనీలు గేర్లు తమంతట తామే మారే లారీలు అమ్ముతున్నాయి. విద్యుత్ లారీల కొనుగోలుకు కేంద్రం 2025 జూలైలో ప్రోత్సాహకం ప్రకటించింది. వాటికి క్లచ్ పెడలే ఉండదు. ఓపెన్‌కాస్ట్ గనుల్లోని 60, 100 టన్నుల డంపర్లయితే ఏనాటి నుంచో ఆటోమేటిక్‌లే. గని లోపల వాటిని నడిపి చేయి తిరిగిన మనిషి కూడా బయటికొచ్చి మామూలు టిప్పర్ ఎక్కితే ఎడమకాలికి మళ్లీ పని నేర్పాల్సిందే.

ఆ పని చిన్నది కాదు. లోడుతో ఎత్తు మీద ఆగిన టిప్పర్‌ను కదిలించాలంటే హ్యాండ్ బ్రేక్ బిగించి ఉంచి, క్లచ్‌ను సగం దాకా వదిలి, ఇంజన్ బరువు అందుకోవడం కాలికి తెలిశాకే బ్రేక్ వదలాలి. తొందరపడితే బండి వెనక్కి జారుతుంది, ఆలస్యమైతే క్లచ్ ప్లేటు కాలిన వాసన వస్తుంది. దిగుడులో ఇంకా ప్రమాదం. ముందే గేరు తగ్గించకుండా బ్రేకుల మీదే భారం వేస్తే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అప్పుడు గేరు మార్చబోతే అది పడదు, బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. ఆ తర్వాత ఎదురుగా వచ్చేవాళ్ల అదృష్టం.

ఇవన్నీ మన నిబంధనలకు తెలియనివి కావు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది డ్రైవింగ్ టెస్టులో చూడాల్సినవి చెబుతుంది. దిగుడులో త్వరగా గేరు తగ్గించడం, ఎత్తు మీద ఆపిన బండిని వెనక్కి జారకుండా కదిలించడం అందులో ఉన్నాయి. ఆటోమేటిక్ లారీ మీద టెస్టు పెడితే మొదటిదానికి అర్థమే ఉండదు, రెండోది సగం తేలికైపోతుంది. అయినా చేతికొచ్చే లైసెన్సు మాత్రం ఒకటే. 1988 మోటారు వాహనాల చట్టం 10వ సెక్షన్ గేరు లేని మోటార్ సైకిల్, గేరు ఉన్న మోటార్ సైకిల్ అని రెండు తరగతులు పెట్టింది. స్కూటీ నడిపే అమ్మాయికి ఉన్న ఈ తేడా నలభై టన్నుల లారీకి లేకపోవడం ఏ విధంగా చూసినా సరికాదు.

అమెరికా 2011లో తెచ్చిన నిబంధనల్లో దీన్ని సూటిగా తేల్చింది. ఆటోమేటిక్ లారీతో టెస్టు ఇచ్చినవారి వాణిజ్య లైసెన్సు మీద ‘ఈ’ అనే ఆంగ్ల అక్షరం పడుతుంది. క్లచ్ ఉన్న వాణిజ్య వాహనం నడపకూడదని దాని భావం. డ్రైవరే వేసే క్లచ్, డ్రైవరే మార్చే గేరు రెండూ ఉంటేనే మాన్యువల్, మిగతావన్నీ ఆటోమేటిక్ లెక్కే. నాకు నచ్చింది ఆ ఆంక్షను తొలగించుకునే పద్ధతి. టెస్టు మొత్తం మళ్లీ ఇవ్వనక్కర్లేదు. మాన్యువల్ బండి తెచ్చి, గేర్లూ క్లచ్చూ సురక్షితంగా వాడగలనని చిన్న పరీక్షలో నిరూపిస్తే చాలు. యూరప్ మరో దారి పట్టింది. 2012 నాటి ఆదేశం ప్రకారం మాన్యువల్ కారు లైసెన్సు ముందే ఉంటే, ఆటోమేటిక్ లారీ మీద టెస్టు ఇచ్చినా ఆంక్ష వేయనక్కర్లేదు. నాకు అమెరికా పద్ధతే మనకు తగినదనిపిస్తుంది. కారు క్లచ్ అనుభవం బొగ్గు లోడు దిగుడులో ఎంతవరకు అక్కరకొస్తుంది?

కేరళ 2024 ఫిబ్రవరిలో ఆటోమేటిక్, విద్యుత్ కార్లతో టెస్టు ఇవ్వకూడదని సర్క్యులర్ ఇచ్చింది. ఆందోళన న్యాయమైనదే, మందు మాత్రం తప్పు. ఆటోమేటిక్ మీదే నేర్చుకున్నవాళ్లకు తలుపు మూయడం కాదు, నేర్చుకున్నంత మేరకే తెరవాలి.

ఇంకో కాగితమంటే ఆర్టీఏ ఆఫీసు చుట్టూ ఇంకో తిరుగుడు, ఇంకో బ్రోకర్ అని డ్రైవర్లు భయపడతారు. ఆ భయం ఉత్తిది కాదు. అందుకే ఆంక్ష తీసే పరీక్షను భారీ వాహనాల శిక్షణ కేంద్రాల్లోనే పెట్టాలి. 2021 నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన కేంద్రాల్లో భారీ వాహనాల కోర్సు 38 గంటలు. అందులోనే ఈ పరీక్షనూ కలపొచ్చు. ఇప్పటికే లైసెన్సు ఉన్నవాళ్ల జోలికి వెళ్లకుండా కొత్తవాళ్ల నుంచే మొదలుపెట్టాలి.

అంతకంటే పెద్ద జాగ్రత్త బీమా విషయంలో కావాలి. లైసెన్సు మీద ‘ట్రాన్స్‌పోర్ట్’ అనుమతి లేదన్న సాకుతో కంపెనీలు ఏళ్ల తరబడి పరిహారం కేసులు నడిపాయి. 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న చెప్పేదాకా ఆ వివాదం తెగలేదు. గేరు ఆంక్ష తెచ్చే రోజునే, అది ఉల్లంఘించినా ప్రమాదంలో నష్టపోయిన మూడో వ్యక్తికి కంపెనీ ముందు చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలని నిబంధనలోనే రాయాలి.