కొలిచిన దుమ్ము, కొలవని దుమ్ము

మిరప తోటకు కింది ముడత తెచ్చే తెల్లనల్లిని గుంటూరు, ప్రకాశం రైతులకు పరిచయం చేయనక్కరలేదు. ఆ కోవకే చెందిన మరొక సూక్ష్మజీవి మన పరుపులలో, దిండ్లలో కాపురముంటుంది. దానిని ధూళినల్లి అనవచ్చు. మన చర్మం నుండి రాలే పొట్టే దానికి ఆహారం. అది కుట్టదు, కరవదు. కానీ దాని విసర్జితాలు దుమ్ములో కలిసి ముక్కులోకి చేరితే, సరిపడనివారికి తుమ్ములు, ముక్కు కారటం, కొందరికి ఉబ్బసం.

ఈ బాధకు మందు కనిపెట్టేవారికి ఒక చిక్కుంది. ఏ ఇంట ఎంత దుమ్ము ఉన్నదో, రోగి ఎంత పీల్చాడో ఎవరూ చెప్పలేరు. అందుకే వియన్నాలోను, కెనడాలోని కింగ్‌స్టన్‌లోను, మరికొన్ని చోట్ల ప్రత్యేకమైన గదులు కట్టారు. అలర్జీ ఉన్నవారిని అందులో కూర్చోబెట్టి, గాలిలోకి నల్లి పదార్థాన్ని లెక్క ప్రకారం వదులుతారు. ఎన్ని తుమ్ములు వచ్చాయి, ముక్కు ఎంత బిగుసుకుంది, ఊపిరి ఎంత తగ్గింది అని కొద్ది నిమిషాలకొకసారి నమోదు చేస్తారు. మందు తీసుకున్నవారికీ తీసుకోనివారికీ తేడా అప్పుడు తేటగా తెలుస్తుంది.

బాధ కలుగుతుందని తెలిసి మనిషిని ఆ గదిలోకి పంపటం న్యాయమేనా అన్న సందేహం సహజం. గడ్డి జ్వరానికి పుప్పొడి కారణమని 1873లో గ్రంథరూపంలో ప్రకటించిన ఇంగ్లీషు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ ఆ ప్రయోగాలను తన మీదనే చేసుకున్నాడు. ఇతరుల మీద చేయవలసివచ్చినప్పుడు వైద్యలోకం కొన్ని షరతులు పెట్టుకుంది. మోతాదు తెలియాలి. కాలపరిమితి ఉండాలి. వైద్యుడు చేరువలో ఉండాలి. చాలు అనిపించిన క్షణంలో లేచిపోయే హక్కు ఉండాలి.

ఈ షరతులు తప్పితే ఏమవుతుందో కూడా చూశాం. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో, ఉబ్బసంపై జరిగిన పరిశోధనలో హెక్సామెథోనియం పీల్చిన 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలు మరణించింది. ఆ ఒక్క మరణానికి అంత పెద్ద సంస్థలో ప్రభుత్వ నిధులతో నడిచే మానవ ప్రయోగాలను కొద్ది రోజులపాటు దాదాపు పూర్తిగా ఆపివేశారు.

ఇంతకూ ఈ గదుల కథకు మన మైదానాలతో ఏం సంబంధం? మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థంతో దగ్గు పరిశోధకులు ఇలాంటి పరీక్షే చేస్తారు. అతి పలుచని ద్రావణంతో మొదలుపెట్టి, మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ పీల్పిస్తారు. రెండు దగ్గులు వచ్చినది ఒక గుర్తు, ఐదు దగ్గులు వచ్చినది మరొక గుర్తు. ఐదో దగ్గుతో సాధారణంగా పరీక్ష ముగుస్తుంది.

మార్చి నెలలో ఒక్కసారి గుంటూరు మిర్చియార్డులోకి వెళ్ళి ఐదు దగ్గులు లెక్కపెట్టి చూడండి. గేటు దాటేలోపే లెక్క పూర్తవుతుంది. అక్కడ టిక్కీలు మోసే హమాలీలు, తాలుకాయ వేరుచేసే, తొడిమలు తీసే స్త్రీలు ఆ గాలిలోనే పొద్దంతా ఉంటారు. ముఖానికి అడ్డం చీరచెంగు, తువ్వాలు. అక్కడ మోతాదూ లేదు, ఆరో దగ్గు దగ్గర ఆపేవారూ లేరు. లేచిపోయే హక్కు ఉన్నా, దానితోపాటే ఆ రోజు కూలీ కూడా లేచిపోతుంది.

"వాళ్ళకు అలవాటే" అనే మాట తరచు వింటాను. ఈ మాటలోని ప్రమాదాన్ని పత్తి చెబుతుంది. నూలు మిల్లుల దూదిధూళి వల్ల వచ్చే బైసినోసిస్ వ్యాధికి ఒక విచిత్ర లక్షణముంది. సెలవు తరువాత సోమవారం పనిలోకి రాగానే ఛాతీ బిగుస్తుంది. వారం గడిచేకొద్దీ సర్దుకుంటుంది. పైకి అలవాటు పడినట్లే ఉంటుంది. లోపల మాత్రం, ఏళ్ళు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. లాంకషైర్ మిల్లులలో 1950లలో షిల్లింగ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీన్ని శ్రద్ధగా లెక్కకట్టారు. 1978లో అమెరికా నూలు తీసే విభాగాలకు ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాముల దూదిధూళి అని హద్దు గీసింది. యజమానులు కోర్టుకెక్కినా 1981లో సుప్రీంకోర్టు ఆ హద్దును నిలబెట్టింది. మన దేశంలోనూ 1948 నాటి కార్ఖానాల చట్టపు వ్యాధుల పట్టికలో బైసినోసిస్‌ను చేర్చారు. పేరు పట్టికకు ఎక్కినంత మాత్రాన మిల్లులో గాలిని కొలిచినట్లు కాదు.

అలాగని పరీక్షశాలను మన ఊరికి తెచ్చుకుంటే చాలుననటం లేదు. సున్నపు బట్టీల పిడుగురాళ్ల నుండి పేద స్త్రీలను డబ్బు ఆశచూపి హైదరాబాదులోని ఒక ఔషధ పరీక్షా సంస్థకు తీసుకువెళ్ళిన సంగతి 2011లో బయటపడింది. వారు అనారోగ్యం పాలయ్యారన్న ఆరోపణలు వచ్చాక, కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ సంస్థ అనుమతిని నిలిపివేశారు. వేలిముద్రో సంతకమో ఉన్నంత మాత్రాన అది సమ్మతి కాదని ఆ ఉదంతం నేర్పింది. 2019లో ఔషధ ప్రయోగాలకు కొత్త నియమావళి కూడా వచ్చింది.

కూలీకి వెళ్ళటమూ అలాంటి సమ్మతే. ప్రయోగశాలలో ఒక పూట పీల్చే దుమ్ముకు ఇన్ని నియమాలు పెట్టుకున్న మనం, బ్రతుకంతా పీల్చే దుమ్ముకు ఒక్క కొలత కూడా పెట్టకపోవటం నాకు అన్యాయంగా తోస్తుంది. నేను అడిగేది పెద్ద కోరిక కాదు. యార్డులోను, చిలకలూరిపేట చుట్టుపక్కల మిల్లులలోను గాలిలోని ధూళిని సీజనులో క్రమం తప్పక కొలిచి, ఆ అంకెను గోడ మీద తెలుగులో రాయాలి. సోమవారం పనికి ముందు ఒకసారి, పని తరువాత ఒకసారి కార్మికుల ఊపిరిని కొలవాలి. దానికి పీక్ ఫ్లో మీటరనే చిన్న గొట్టం చాలు. తగ్గినవారికి, కూలీ పోకుండా, దుమ్ము లేని పని ఇవ్వాలి. 1946 నుండి వైద్య కళాశాల ఉన్న గుంటూరుకు ఇది మోయలేని భారమేమీ కాదు.

యార్డులో ప్రతి టిక్కీనీ కాటా మీద పెట్టి గ్రాములతో సహా తూస్తారు. ఆ టిక్కీని మోసినవాడి ఊపిరిని కూడా తూచే రోజు రావాలి.