క్వాలిఫయర్ల లైన్లో మాజీ నంబర్ వన్

"ఇంకా ఆడుతున్నాడా అతను?"

కిడాంబి శ్రీకాంత్ పేరెత్తితే మనవాళ్ళు మొదట అడిగేది ఇదే. 2025 మే 25న కౌలాలంపూర్ లో మలేసియా మాస్టర్స్ ఫైనల్ అయిపోగానే నా స్నేహితుడొకడు కూడా ఇదే మొదలెట్టాడు. "11-21, 9-21. 36 నిమిషాల్లో లీ షిఫెంగ్ చేతిలో ఖతం. ఈ మాత్రం దానికి అంత దూరం వెళ్ళడమెందుకు? హాయిగా రిటైరయి ఓ అకాడమీ పెట్టుకోవచ్చుగా!"

నాకు ఒళ్ళు మండింది. వాడు చూసింది ఆ 36 నిమిషాలే. దానికి ముందు ఐదు రోజులు ఏం జరిగిందో వాడికి అక్కర్లేదు.

ఆ వారం మొదలయ్యేటప్పటికి శ్రీకాంత్ ర్యాంకు 65. ఇలాంటి టోర్నీల్లో సింగిల్స్ మెయిన్ డ్రాకి 32 మందే. అందులో 28 మందిని ర్యాంకు చూసి తీసుకుంటారు, మిగిలిన నాలుగు చోట్లకి క్వాలిఫయర్లు కొట్టుకోవాలి. ర్యాంకేమో గడిచిన 52 వారాల్లో ఆడినవాటిలోంచి పది మంచి ఫలితాలు కలిపి లెక్కేస్తారు. అంతే. 2017లో ఒకే ఏడాది ఇండోనేసియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్ సూపర్ సిరీస్ లు నాలుగూ కొట్టావా, 2018 ఏప్రిల్లో ప్రపంచ నంబర్ వన్ వి అయ్యావా అని ఆ లెక్క అడగదు. క్రికెట్లో లాగా పేరు చూసి జట్టులోకి లాగే సెలెక్టర్లు ఇక్కడ లేరు. కాబట్టి 32 ఏళ్ళ వయసులో ఆయనగారు కూడా క్వాలిఫయర్ల లైన్లో నిలబడ్డాడు. పదిహేనేళ్ళ అనుభవమున్న ఆర్కిటెక్టుని ఫ్రెషర్ల పక్కన కూర్చుని ఆప్టిట్యూడ్ టెస్టు రాయమంటే మా ఆఫీసుల్లో ఎంతమంది రాస్తారు? నేనైతే రాయను, ఒప్పుకుంటున్నా.

"చిన్నవాళ్ళ చోటు ఆక్రమిస్తున్నాడు" అనేవాళ్ళకి కూడా ఇదే జవాబు. ఆ చోటు ఎవరూ ఇచ్చింది కాదు. కావాలంటే అతన్ని ఓడించి తీసుకోవచ్చు. ఆ వారం తైపీ కుర్రాళ్ళిద్దరు ప్రయత్నించారు, కుదర్లేదు.

ఇక అసలు విషయానికొస్తా. శ్రీకాంత్ మీద నాకూ పాత కోపం ఒకటుంది. 2021 డిసెంబర్లో హ్యూల్వాలో ప్రపంచ చాంపియన్ షిప్ ఫైనల్. లో కీన్ యూ మీద మొదటి గేములో 9-3 ముందున్నాడు. చూస్తుండగానే అది 15-21 అయింది. రెండో గేము 20-22. అప్పుడు నేను టీవీ ముందు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆధిక్యం చేతిలో ఉండగా తొందరపడి షటిల్ని నెట్ కో, బయటికో కొట్టడం అతనికి మామూలే. ఐదారు నెలలకే 2022 థామస్ కప్ లో ఆడిన ఆరు మ్యాచ్ లూ గెలిచి మనకి కప్పు తెచ్చిపెట్టాడు కాబట్టి క్షమించేశాను గానీ, ఆ అనుమానం మాత్రం పోలేదు.

అందుకే మలేసియా స్కోర్లు మళ్ళీ మళ్ళీ చూశాను. లూ గ్వాంగ్ జూ మీద మొదటి గేము 23-21. న్హాట్ ఎన్గుయెన్ మీద 23-21. తోమా జూనియర్ పోపోవ్ తో 74 నిమిషాల క్వార్టర్ ఫైనల్లో మొదటిది 24-22, ఆఖరిది 22-20. సెమీస్ లో యూషీ తనాకా మీద రెండో గేము 24-22. మెయిన్ డ్రాలో 20-20 దాటిన గేములు ఐదు, ఐదూ ఇతనివే! కాళ్ళలో 2017 నాటి వేగం లేదు, అది ఎవరికైనా కనపడుతుంది. కానీ 20-20 దగ్గర ఓపిగ్గా ర్యాలీ ఆడడం, ఎదుటివాడు తప్పు చేసేదాకా ఆగడం... ఇది అతని దగ్గర ఇంతకుముందు నేను పెద్దగా చూళ్ళేదు. ఆదివారం ఆడింది ఆరు రోజుల్లో ఏడో మ్యాచ్. ఆ ఫైనల్లో ఒంట్లో ఏం మిగిలుంటుంది చెప్పండి?

2019 ఇండియా ఓపెన్ తర్వాత ఆ స్థాయి టూర్ టోర్నీల్లో అతనికి ఇదే మొదటి ఫైనల్. మధ్యలో టోక్యో పోయింది. కరోనా వల్ల అర్హత టోర్నీలే రద్దయ్యాయి. పారిస్ కీ వెళ్ళలేదు. మన దేశం నుంచి ప్రణయ్, లక్ష్యసేన్ వెళ్ళారు. ఇంకొకడైతే ఎప్పుడో రాకెట్ అటక మీద పెట్టేసేవాడు.

అలాగని ఇకనుంచీ అంతా విజయమే అని నేననను. 2025 నవంబర్లో లక్నోలో సయ్యద్ మోదీ టోర్నీలో మళ్ళీ ఫైనల్ కి వచ్చాడు. ఎదురుగా హాంకాంగ్ కుర్రాడు జేసన్ గునవన్, ఇతనికంటే పదేళ్ళకి పైగా చిన్న. 16-21, 21-8, ఆఖరి గేము 20-20... తర్వాత రెండు పాయింట్లూ కుర్రాడికే. మళ్ళీ టీవీ ముందు అరిచాను. మా ఇంట్లో వాళ్ళకి అలవాటైపోయింది లెండి :)

మర్నాడు మా స్నేహితుడి ఫోను. "చెప్పానా?" అన్నాడు. మ్యాచ్ చూశావురా అనడిగితే, లేదు, స్కోరు చూశానన్నాడు.