తేదీ చూడకుండా పిల్లని తిట్టకండి

ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా మన వాళ్లు ముందు అడిగేది "ఎవరు ముట్టుకున్నారు?" అని. మిక్సీ ఆగితే వంటింట్లో ఉన్న మనిషి ముద్దాయి. వాషింగ్ మెషీన్ ఆగితే ఆఖర్న బట్టలు వేసిన మనిషి. ఇక ఆగింది గేమింగ్ లాప్‌టాప్ అయితే విచారణ కూడా ఉండదు, నేరుగా తీర్పే. "ఆడి ఆడి తగలేశావు!"

ఈ తీర్పు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. నిన్న రాత్రి దాకా చక్కగా పనిచేసిన లాప్‌టాప్, పొద్దున్న అప్‌డేట్ పూర్తయ్యాక ఆట మధ్యలో తెర నల్లబడి ఆగిపోతుంటే, ముందు అనుమానించాల్సింది ఆ అప్‌డేట్‌ని. పిల్లని ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకో చెప్తాను. గేమింగ్ లాప్‌టాప్‌లలో చాలావాటికి తెర మీద బొమ్మ గీసే చిప్పులు రెండుంటాయి. ప్రాసెసర్‌లోనే కలిసి ఉండేది మెయిళ్లు, సినిమాల్లాంటి తేలిక పనులకి. విడిగా ఉండే రెండోది ఆటలకీ, త్రీడీ డిజైన్లకీ. పని బరువుని బట్టి ఇవి బాధ్యత మార్చుకుంటూ ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో డ్రైవర్. డ్రైవరంటే దుబాసీ అనుకోండి, విండోస్ మాట చిప్పుకీ, చిప్పు మాట విండోస్‌కీ చెప్పే చిన్న సాఫ్ట్‌వేర్. విండోస్ అప్‌డేట్ తనంతట తనే ఈ దుబాసీని కూడా మార్చేయగలదు. ఒక్కోసారి, మనం పెట్టుకున్న కొత్తది తీసేసి పాతదాన్ని తెచ్చి కూర్చోబెడుతుంది.

విండోస్‌లో ఇంకో కాపలా ఏర్పాటు ఉంది. గ్రాఫిక్స్ చిప్పు మామూలుగా 2 సెకన్లలో బదులివ్వకపోతే, డ్రైవర్‌ని ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. తెర ఒక్క క్షణం నల్లబడి, ఆట మూసుకుపోయి, డెస్క్‌టాప్ మళ్లీ కనబడటం చాలాసార్లు ఇదే. ఆ ప్రయత్నమూ ఫలించకపోతే మొత్తం మిషనే ఆగి రీస్టార్ట్ అవుతుంది. దుబాసీకి మాట సరిగ్గా రాకపోతే ఆడుతున్న పిల్ల ఏం చేస్తుంది చెప్పండి?

మా అమ్మాయి ఇంజనీరింగ్ మూడో ఏడు. డిజైన్ సాఫ్ట్‌వేర్ నడవాలని గేమింగ్ లాప్‌టాప్ కొన్నాం. ఖాళీ దొరికితే ఆటలూ ఆడుతుంది. అది ఇలా ఆగిపోవడం మొదలవగానే మావారు "రాత్రిళ్లు ఆ ఆటలేమిటి" అన్నారు. అత్తయ్యగారు "ఆడపిల్లకి అంత పెట్టి ఎందుకు కొన్నార్రా" అన్నారు. ఆ ముందు ఏడాది మా మరిదిగారబ్బాయి లాప్‌టాప్ పాడైనప్పుడు ఇదే ఇంట్లో "కంపెనీవాడు అంటగట్టాడు" అన్నారు. వాడు రోజుకెన్ని గంటలు ఆడతాడో ఎవరూ లెక్కేయలేదు.

రిపేరు షాపతను పది నిమిషాలు చూసి "మదర్‌బోర్డు పోయిందమ్మా, 18 వేలవుతుంది" అన్నాడు. ఎప్పట్నుంచి ఆగుతోందని గానీ, అంతకు ముందు ఏం మారిందని గానీ అడగలేదు. మేం వెనక్కి తెచ్చేసుకున్నాం. మా అమ్మాయి క్రాష్‌ల చరిత్ర తెరిచింది. అప్‌డేట్ జరిగిన రోజుకి ముందు నెలంతా శుభ్రంగా ఉంది. ఆ మర్నాటి నుంచి రోజూ ఎర్ర గుర్తులే. డ్రైవర్‌ని పాత వెర్షన్‌కి మార్చింది. ఆ 18 వేలు మా దగ్గరే ఉన్నాయి. "తగలేశావు" అన్న మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నా కోపమంతా దాని మీదే.

పెద్ద కంపెనీల అప్‌డేట్‌లో తప్పుంటుందా అంటారేమో. 2010 మార్చిలో ఎన్విడియా 196.75 అనే గ్రాఫిక్స్ డ్రైవర్‌ని వెనక్కి తీసుకుంది. దాన్ని పెట్టుకున్నాక ఫ్యాను వేగం సరిగ్గా పెరగక కార్డులు వేడెక్కుతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. 2018 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ విండోస్ 10 అప్‌డేట్ విడుదల చేసి, కొందరి ఫైళ్లు మాయమవుతున్నాయని రోజుల్లోనే ఆపేసి, నవంబర్‌లో మళ్లీ ఇచ్చింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగిని "నువ్వేం ఆటలాడావు?" అని ఎవరూ అడగలేదు. ఆ పాటి న్యాయం మన పిల్లలకి మనింట్లో దొరకొద్దా?

అయితే అప్‌డేట్‌లు పూర్తిగా ఆపేయమని నేననను. 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళాలేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని మూసే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. కాబట్టి భద్రతా ప్యాచ్‌లు కావాల్సిందే. పేచీ అంతా అవీ డ్రైవర్లూ ఒకే దారిలో, ఒక్క మాట చెప్పకుండా వచ్చిపడటంతో. విండోస్ హోమ్ ఎడిషన్‌లో అప్‌డేట్‌ని వాయిదా వేసుకునే వీలు 2019లో వచ్చింది, అదీ 35 రోజుల వరకే. వాయిదా వేస్తే కావాల్సిన ప్యాచూ ఆగుతుంది, అక్కర్లేని డ్రైవరూ ఆగుతుంది. బియ్యంలో రాళ్లున్నాయని అన్నం మానేయాలా?

అందుకని తిట్టే ముందు ఈ పని చేయండి. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేస్తే క్యాలెండర్ లాంటి పేజీ తెరుచుకుంటుంది. ఏ రోజు ఏది కూలిందో, ఏ రోజు ఏ అప్‌డేట్ ఎక్కిందో పక్కపక్కనే ఉంటాయి. గోడ క్యాలెండర్‌లో పాల లెక్క చూసుకునే మనకి ఇదొక లెక్క కాదు. క్రాష్‌లు అప్‌డేట్ తర్వాతే మొదలైతే, డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద గ్రాఫిక్స్ చిప్పు పేరు మీద రెండుసార్లు నొక్కి, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. ఆ బటన్ మసగ్గా ఉంటే పాత డ్రైవర్ అక్కడ లేదని అర్థం. అప్పుడు లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో సరిగ్గా మీ మోడల్ నంబరుకి ఇచ్చిన డ్రైవర్ దించుకుని పెట్టండి. ముఖ్యమైన ఫైళ్లు ముందే వేరేచోట దాచుకోవడం మరవకండి.

క్రాష్‌లు అప్‌డేట్‌కి ముందునుంచే ఉంటేనో, వేడెక్కినప్పుడల్లా ఆగుతుంటేనో, విండోస్ ఇంకా మొదలవ్వకముందే తెర మీద గీతలు కనబడుతుంటేనో సంగతి వేరు. ఫ్యాన్లలో దుమ్ము దులిపించండి, మంచి రిపేరు మనిషికి చూపించండి. అప్పుడు కూడా "ఎప్పట్నుంచి?" అని అడగనివాడికి డబ్బివ్వకండి.

కంపెనీలని నేనడిగేది ఒక్కటే. మా డబ్బుతో మేం కొనుక్కున్న మిషన్‌లో డ్రైవర్ మార్చే ముందు మమ్మల్ని అడగండి, భద్రతా ప్యాచ్‌తో ముడిపెట్టకుండా. మగవాళ్లనీ, పెద్దవాళ్లనీ అడిగేది ఇంకా చిన్నది. పిల్లని తిట్టాలనిపిస్తే ముందు తేదీ చూడండి. చూడ్డం రాకపోతే ఆ పిల్లనే అడగండి, చూపిస్తుంది.