యంత్రం ఎవరి స్కాన్లు చూసి నేర్చుకుంది?

ప్రోస్టేట్ కేన్సర్‌ను ఎమ్మారైలో పసిగట్టడంలో కృత్రిమ మేధ డాక్టర్లను మించిపోయిందని 2024లో వార్తలొచ్చాయి. అబద్ధమేమీ కాదు. 'లాన్సెట్ ఆంకాలజీ'లో అచ్చయిన పై-కాయ్ అధ్యయనంలో 20 దేశాల రేడియాలజిస్టులు 62 మంది 400 కేసులు చదివారు. వాళ్లకు దొరికినన్ని కేన్సర్లనూ పట్టుకుంటూనే యంత్రం ఉత్తుత్తి అనుమానాలను సగానికి తగ్గించింది.

అదే వ్యాసంలో మరో పోలిక ఉంది. దాని ఊసు ఎవరూ పెద్దగా ఎత్తరు. పీఎస్‌ఏ రక్తపరీక్ష ఫలితం, పాత రిపోర్టులు ముందేసుకుని, తోటి డాక్టర్లతో చర్చించి ఆసుపత్రిలో రోజూ ఇచ్చే రిపోర్టులతో 1000 కేసుల్లో యంత్రాన్ని పోల్చారు. యంత్రం దాదాపు సమానంగానే నిలిచింది గానీ, 'తీసిపోదు' అనడానికి ముందే గీసుకున్న గీతను దాటలేకపోయింది.

నా భయం అది కాదు. యంత్రం నేర్చుకున్నవీ, పరీక్ష రాసినవీ కలిపి 10,207 స్కాన్లు. అన్నీ నెదర్లాండ్స్, నార్వే ఆసుపత్రులవే. మన మగవాళ్ల స్కాన్లు, మన మెషీన్లు అందులో లేవు.

మెషీన్ మారితే స్కాన్ నాణ్యతా మారొచ్చు. అది చిన్న విషయం కాదు. పురీషనాళంలో గ్యాస్ నిలిస్తే ఎమ్మారైలోని డిఫ్యూజన్ చిత్రం ఆ అంచున వంకరపోతుంది. దానికి ఆనుకుని ఉండేది ప్రోస్టేట్ వెనుక భాగం. ఎక్కువ కేన్సర్లు పుట్టేది సరిగ్గా అక్కడే. తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్లలో లోహం కూడా ఇలాగే పాడుచేస్తుంది. అనుభవమున్న డాక్టరైతే 'ఇది చాలదు, మళ్లీ తీయండి' అంటారు. ఆ మాట నేర్పని సాఫ్ట్‌వేర్ చెడిపోయిన చిత్రానికీ అనుమానం ఎంతో చెప్పే ఒక అంకె వేసేస్తుంది. ఆ అంకె చిన్నదైతే బయాప్సీ ఆగిపోతుంది. ఉత్తుత్తి అనుమానమైతే బయాప్సీతో తేలిపోతుంది. ఇలా జారిపోయిన కేన్సర్ మాత్రం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు.

రేడియాలజిస్టులు తక్కువున్న చోట యంత్రం మీద ఆశ పుట్టడం సహజమే. 2020లో ప్రపంచంలో 14 లక్షలున్న కొత్త ప్రోస్టేట్ కేన్సర్ కేసులు 2040 నాటికి 29 లక్షలవుతాయని లాన్సెట్ కమిషన్ అంచనా. పెరుగుదల ఎక్కువగా పేద, మధ్యాదాయ దేశాల్లోనే. యంత్రం చూడని స్కాన్లూ అక్కడివే. అందుకే తొందర కూడదంటున్నాను. సాఫ్ట్‌వేర్ కొనే ప్రతి ఆసుపత్రీ బయాప్సీ ఫలితం తెలిసిన తన పాత కేసుల మీద ముందు దాన్ని నడిపి చూడాలి. ఎన్ని జారవిడిచిందో బయటపెట్టాలి.

రిపోర్టు చేతికొచ్చినప్పుడు మీరూ రెండు మాటలు అడగండి: చిత్రం నాణ్యత ఎలా ఉంది, రేడియాలజిస్టు స్వయంగా చూశారా? స్కాన్‌లో ఏమీ లేదన్నా పీఎస్‌ఏ పెరుగుతూనే ఉంటే యూరాలజిస్టును మళ్లీ కలవండి.