నడుము నొప్పి ఒకటే, కారణాలు అనేకం

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో కైరోప్రాక్టిక్ కాలేజీలో చేరాడు. వెన్నుపూసలు సర్దే విద్యకు అన్నేళ్ళ చదువు, రోగనిర్ణయ పాఠాలు ఎందుకండీ? మన పుత్తూరు కట్టు వంటిదే కదా!
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకు. కైరోప్రాక్టిక్ ముఖ్యంగా వెన్ను, మెడ, కీళ్ళ నొప్పులకు చేతులతో చేసే చికిత్స. అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో 1895లో డి.డి. పామర్ దీనిని ప్రారంభించాడు. రోగాలన్నిటికీ మూలం వెన్నుపూసల్లోనే ఉందన్నట్లు సాగిన ఆయన వాదాన్ని వైద్యశాస్త్రం అంగీకరించలేదు. మామూలు నడుము నొప్పికి మాత్రం కొంత ఉపశమనం కలుగుతుందని పరిశోధనల్లో తేలింది. వచ్చిన నొప్పి మామూలుదా, కాదా అని తేల్చుకోవడానికే ఆ పాఠాలు.

రోగికి ఏయే జబ్బులు ఉండవచ్చో ముందు అనుకొని, ప్రశ్నలతో, పరీక్షలతో ఒక్కొక్కటే కొట్టివేస్తూ రావాలి. దీనినే డిఫరెన్షియల్ డయాగ్నోసిస్ అంటారు. నొప్పి పాదం వరకు లాగితే డిస్కు కావచ్చు. పక్కనుంచి గజ్జల్లోకి దిగితే మూత్రపిండంలో రాయి కావచ్చు. సాయంకాలం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయను, కేన్సర్‌ను అనుమానించాలి. వృద్ధురాలు జారిపడితే పూస చితికి ఉండవచ్చు. అటువంటి వెన్నును నొక్కడం ప్రమాదం.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒక నేత కార్మికుడు నడుము నొప్పితో వచ్చాడు. మగ్గం పని వల్లనే అనుకొని మాత్రలిచ్చి పంపాను. రెండు నెలలకు కాళ్ళు చచ్చుబడి, మనుషులు మోసుకొస్తే వచ్చాడు. వెన్నెముక క్షయ! "సాయంత్రం జ్వరం వస్తోందా?" అని ఆనాడే అడిగి ఉంటే చెప్పేవాడు. మందులతో, కర్ర సాయంతో నడిచాడు గాని, మళ్ళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టలేదు.

రోగిని నడిపించడం కూడా చదువులో భాగమే. ఎవరికి చెయ్యి వేయాలి, ఎవరిని ఎక్స్‌రేకు పంపాలి, ఎవరిని వెంటనే సర్జన్‌కు అప్పగించాలి, కొన్ని వారాలైనా గుణం కనిపించకపోతే రోగనిర్ణయం మళ్ళీ మొదటినుంచి ఎలా చేయాలి అన్నవన్నీ నేర్వాలి.

పాఠకులకు ఒక హెచ్చరిక. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలు అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాళ్ళలో బలం తగ్గినా మర్దనాలు, కట్లు వద్దు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి. హఠాత్తుగా తీవ్రమైన మెడనొప్పి వచ్చి, తల తిరిగి, మాట తడబడితే మెడ విరిపించుకోకండి. అది మెదడుకు వెళ్ళే రక్తనాళం చిరగడం కావచ్చు.

మీ అబ్బాయిని ఆ పాఠాలే శ్రద్ధగా చదవమనండి.