మన గుంపు, పొరుగు గుంపు

గుంపునకును గుంపునకును పగ ప్రకృతిసిద్ధమనియు, కావున తెలుగువారు తమ తమ కులసంఘములను చూచుకొని పొరుగువారి జోలికి పోకుండుటయే క్షేమమనియు గ్రాంట్‌రోడ్డు చాళ్లలో కొందరు పెద్దలు సెలవిచ్చుచుందురు. ఈ వాదము లోకజ్ఞానమువలె తోచును. మేమిందుకు సమ్మతింపజాలము.

ప్రకృతిని సాక్ష్యమునకు పిలిచినవారు ఒక్క సాక్షిని విని లేచిపోరాదు. టాంజానియాలోని గోంబేలో 1974 మొదలు 1978 వరకు ఒక చింపాంజీ గుంపు, తననుండి చీలిపోయిన గుంపులోని మగవాటిని ఒక్కొక్కటిగా చంపిన మాట నిజమే. కాని మనకు అంతే దగ్గరి చుట్టమైన బొనోబో అను వానరము కాంగో అడవులలో కలదు. అచ్చటి కొకోలోపోరిలో రెండు గుంపులను పరిశీలించి లిరన్ సమూని, మార్టిన్ సుర్బెక్ అను శాస్త్రజ్ఞులు 2023లో ప్రకటించిన సంగతి వినదగినది. ఆ గుంపులు కలిసి తిరిగినను ఒకటైపోలేదు. ఏ గుంపు దానిదే. అయినను ఒకదాని మేనిని మరొకటి దువ్వుచు, ఆహారము పంచుకొనుచు, వెంటనే ప్రతిఫలము లేకున్నను తోడ్పడినవి. అంతకన్న ముఖ్యమైనది మరొకటి కలదు: తన గుంపులో ఎక్కువగా సహకరించునవే పొరుగు గుంపుతోను చెలిమి చేసినవి. పొరుగువారికి చేసినచో మనవారికి తరుగునను లెక్క అక్కడ కుదరలేదు. కోతులతో మమ్ము పోల్చెదరా యని కోపింపవద్దు. అడవిని ముందు తెచ్చినది మేము కాము.

కామాఠిపుర చరిత్ర మాత్రమేమి చెప్పుచున్నది? కామాఠీలనబడిన తెలుగు కూలీలు, మేస్త్రీలు ఈ నగరమును కట్టినవారిలో ముఖ్యులు. ఆ పేట వారి పేరనే నిలిచినది. తెలుగువారిలో కాంట్రాక్టర్లుగా పైకివచ్చిన జాయా కరాడీ లింగు, వెంకు బాలాజీ కాళేవార్ ప్రభృతులు, 1873లో పుణేలో జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు ముంబయిలో అండగా నిలిచిరి. ఫూలే మాతృభాష మరాఠీ, కులము మాలి. మన భాషవాడా, మన కులమువాడా యని లెక్కించియుండినచో వారాయన గడప తొక్కియుండరు. ఆ సమాజమునుండి వచ్చిన నారాయణ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికుల సంఘమును స్థాపించెను. 1890లో వారపు సెలవు లభించినప్పుడు ఆదివారము మరాఠీవానికొకటి, పద్మశాలికొకటిగా రాలేదు.

నేడు మనము కుళాయి దగ్గరను, గణపతి మంటపము దగ్గరను అందరితో కలియుదుము. విద్యార్థి వేతనముల జాబితా వచ్చుసరికి కులమడుగుదుము. సంఘములను మూయుమని మేమనుట లేదు. ఆ వేతనములలో కొన్నిటినైనను అదే చాల్‌లోని మరాఠీ, ఉర్దూ పిల్లలకిచ్చుటకు ఈ సంవత్సరమే తీర్మానింపవలెననుచున్నాము. కాదనువారు సర్వసభ్య సమావేశములో లేచి కారణము చెప్పుదురుగాక.